మెల్‌బోర్న్‌లో నేరాలు పెరిగాయా, తగ్గాయా? లెక్క రాసినవాళ్ళ కథ

మెల్‌బోర్న్‌లో రెండేళ్ళు పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లోనూ ఆఫీసులోనూ ఎవరు ఆస్ట్రేలియా వెళ్తున్నా నా దగ్గరకే పంపిస్తారు. అందరూ అడిగేది ఒకటే. "అక్కడ మనవాళ్ళకి సేఫేనా?" సేఫే అంటే, వాళ్ళు వాట్సప్‌లో కత్తులు పట్టుకున్న కుర్రాళ్ళ వీడియో చూపిస్తారు. కాదు అందామంటే నాకు మనసొప్పదు. రాత్రి పదకొండింటికి ట్రైన్ దిగి ఇంటికి నడిచి వెళ్ళినవాణ్ణి, ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. అయితే "నాకేమీ కాలేదు" అన్నది డేటా కాదు కదా.

సరే, అంకెలే చూద్దాం అనుకుంటే అక్కడ మరీ తికమక. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో నమోదైన నేరాలు 6,27,268. ఇప్పటి పద్ధతిలో లెక్కలు మొదలైన 2004-05 నుంచి చూస్తే అప్పటికి అదే రికార్డు. జనాభా 70 లక్షలు అనుకుంటే లక్షమందికి దాదాపు 9 వేల నేరాలు. బాబోయ్ అనిపిస్తుంది. ఇంకో అంకె చూడండి. ఆస్ట్రేలియా మొత్తంగా హత్యల రేటు 1990 ప్రాంతంలో లక్షకి 2కి దగ్గరగా ఉండేది, ఇప్పుడు 1కి అటూ ఇటూగా ఉంది. అంటే సగం. ఈ రెండు అంకెలూ నిజమే. ఒక టీవీ ఛానెల్ మొదటిది చూపించి భయపెడుతుంది, ఒక మంత్రిగారు రెండోది చూపించి ధైర్యం చెప్తారు.

నా ఉద్యోగం డేటాబేసులతో. ఒక రిపోర్టులో అంకె తేడాగా కనిపిస్తే ముందు చూడాల్సింది అంకెని కాదు, అది ఏ టేబుల్లోంచి వచ్చింది, అందులో ఎవరు ఎంట్రీ చేశారు, ఎందుకు చేశారు అని. అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ విక్టోరియా చరిత్రలోకి దిగిపోయాను. ఇక్కడ రాస్తున్నది దాని గురించే. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి :)

మొదట్లోకి వెళ్తే... విక్టోరియా 1851 జులైలో న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి వేరే కాలనీ అయింది. అదే ఏడాది బంగారం దొరికింది. ఇక చూస్కోండి. 1851లో 77 వేలు ఉన్న జనాభా పదేళ్ళలో 5 లక్షల 40 వేలు దాటింది. మన హైటెక్ సిటీ పెరుగుదల దీని ముందు ఎంత! దీంట్లో తమాషా ఏంటంటే, శాంతిభద్రతలు చూడాల్సిన కానిస్టేబుళ్ళే ఉద్యోగాలు వదిలేసి పార పట్టుకుని గనులకి పరిగెత్తారు. నెల జీతం కంటే ఒక్క రోజు తవ్వితే ఎక్కువొస్తుందని ఆశ. (మన భాషలో చెప్పాలంటే ఆట్రిషన్ రేటు దాదాపు నూరు శాతం.) అప్పటిదాకా విడివిడిగా ఉన్న పోలీసు దళాలన్నిటినీ కలిపి 1853 జనవరిలో విక్టోరియా పోలీస్ పెట్టారు. దొరికినవాళ్ళని దొరికినట్టు తీసుకున్నారు.

ఆ పోలీసులకి అప్పజెప్పిన మొదటి పెద్ద పని దొంగల్ని పట్టుకోవడం కాదు, లైసెన్సులు తనిఖీ చెయ్యడం. బంగారం దొరికినా దొరక్కపోయినా గని కార్మికుడు నెలకి 30 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలి, అది ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి. లేకపోతే అరెస్టు. అది కాస్తా 1854 డిసెంబర్ 3న బల్లారట్‌లో యురేకా తిరుగుబాటు అయింది. పావుగంటో ఇరవై నిమిషాలో జరిగిన కాల్పుల్లో కనీసం ఇరవైమంది పైగా కార్మికులు చనిపోయారు. సర్కారు 13 మంది మీద రాజద్రోహం కేసు పెడితే జ్యూరీ ఒక్కరిని కూడా దోషి అనలేదు. అంటే విక్టోరియాలో "నేరం" అన్న మాట మొదటి నుంచీ తగాదా మాటే. పోలీసు పుస్తకంలో నేరం, జ్యూరీ దృష్టిలో కాదు.

నెడ్ కెల్లీ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇనప కవచం తొడుక్కుని పోలీసులతో తలపడ్డ ఆయన. 1878 అక్టోబర్‌లో స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర ముగ్గురు పోలీసుల్ని చంపారు, 1880 జూన్‌లో గ్లెన్‌రోవన్‌లో దొరికాడు, అదే ఏడాది నవంబర్ 11న ఉరి తీశారు. సగంమందికి హంతకుడు, సగంమందికి హీరో. ఆ గొడవ నాకు అనవసరం. నాకు ఆసక్తిగా అనిపించింది ఆ తర్వాత జరిగింది. కెల్లీని ఉరి తీసి ఊరుకోలేదు, 1881లో పోలీసుల మీదే రాయల్ కమిషన్ వేశారు. అంటే పట్టుకున్నవాళ్ళనే బోను ఎక్కించారు. ఇది ఆ రాష్ట్రానికి ఒక అలవాటు. పెద్ద నేరం జరిగిన ప్రతిసారీ నేరస్తుడితో పాటు వ్యవస్థ మీద కూడా ఒక విచారణ, వందల పేజీల రిపోర్టు. ఇవాళ మనం విక్టోరియా గురించి ఇంత తెలుసుకోగలుగుతున్నామంటే ఆ రిపోర్టుల పుణ్యమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం, 1923 పోలీసు సమ్మె.

అప్పట్లో విక్టోరియా పోలీసులకి పింఛను లేదు. జీతం తక్కువ. పైగా కొత్త కమిషనర్ ఒక ఐడియా వేశాడు. కానిస్టేబుళ్ళు బీటు సరిగ్గా తిరుగుతున్నారో లేదో చూడ్డానికి మామూలు బట్టల్లో రహస్య సూపర్‌వైజర్లని పెట్టాడు. కానిస్టేబుళ్ళు వాళ్ళకి పెట్టిన ముద్దుపేరు "స్పూక్స్", అంటే దెయ్యాలు. (ల్యాప్‌టాప్‌లో మౌస్ కదుల్తోందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్ గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.) అక్టోబర్ 31 రాత్రి, మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేలకి ఊరంతా జనంతో నిండిపోయే వారం ముందు, రసెల్ స్ట్రీట్ హెడ్‌క్వార్టర్స్‌లో కొంతమంది కానిస్టేబుళ్ళు దెయ్యాల్ని తీసేస్తే తప్ప డ్యూటీకి వెళ్ళం అన్నారు. ప్రభుత్వం లొంగలేదు. సమ్మె పాకింది. 636 మంది ఉద్యోగాలు పోయాయి. అంటే మొత్తం దళంలో మూడో వంతు.

శుక్రవారం, శనివారం రాత్రుళ్ళు సిటీ మధ్యలో జనం వేలల్లో పోగయ్యారు. బర్క్ స్ట్రీట్, స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లలో షాపుల అద్దాలు పగలగొట్టారు, నగలూ బట్టలూ బూట్లూ ఎత్తుకుపోయారు, ట్రామ్‌ని బోల్తా కొట్టించారు. ఆ ట్రామ్ స్టాపుల దగ్గర నేను రోజూ కాఫీ పట్టుకుని నిలబడేవాణ్ణి, ఇలాంటిది జరిగిందంటే నమ్మబుద్ధి కాలేదు. చివరికి మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యాన్ని నడిపించిన జనరల్ మోనాష్ వచ్చి, మాజీ సైనికుల్ని పోగేసి, వేలమందిని స్పెషల్ కానిస్టేబుళ్ళుగా పెట్టి దారికి తెచ్చాడు.

ఆ వారాంతం వచ్చిన దోపిడీ గుంపులో వృత్తి దొంగలు ఎంతమంది ఉంటారు? మూడు రోజుల ముందు వరకూ వాళ్ళూ చట్టప్రకారం బతికిన క్లర్కులూ కూలీలూ కుర్రాళ్ళే. ఇంకో సంగతి, సమ్మె తర్వాత పోలీసులకి పింఛను ఇచ్చారు, పరిస్థితులు బాగు చేశారు. దానికోసం అడిగిన 636 మందిని మాత్రం మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోలేదు. దశాబ్దాల పాటు అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. యూనియన్ల గురించి ఆఫీసు క్యాంటీన్‌లో వాదించుకునేటప్పుడు ఈ కథ నేను రెండు పక్షాలకీ చెప్తుంటాను.

మధ్య కాలం త్వరగా దాటేద్దాం. 1916 నుంచి 1966 దాకా విక్టోరియాలో బార్లు సాయంత్రం ఆరింటికే మూసేసేవారు. తాగుడు తగ్గుతుందని పెట్టిన రూలు. ఆఫీసు అయిదింటికి అయిపోతే గంటలో తాగగలిగినంతా తాగేసేవారు, అంతే తేడా. 1967 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో ఒక ఖైదీని ఉరి తీశారు, ఆస్ట్రేలియా దేశంలో అదే చివరి ఉరి. 1975లో విక్టోరియా ఉరిశిక్షే తీసేసింది.

ప్రజల ప్రాణాల విషయంలో విక్టోరియా సాధించిన అతి పెద్ద విజయం మాత్రం దొంగల మీద కాదు, డ్రైవర్ల మీద. 1969లో రోడ్ల మీద 1,034 మంది చనిపోయారు. అక్కడి సన్ అనే పత్రిక 1970లో ఆ అంకె మీదే యుద్ధం ప్రకటించింది. నిజంగానే, ఉద్యమం పేరులోనే 1034 అని ఉంటుంది. ఆ ఏడాది ఇంకా పెరిగి 1,061 అయింది. డిసెంబర్‌లో సీటు బెల్టు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు, ప్రపంచంలో అలాంటి చట్టం అదే మొదటిది. 1976లో ఎక్కడపడితే అక్కడ ఆపి నోట్లో గొట్టం పెట్టి ఊదించడం మొదలెట్టారు. తర్వాత స్పీడు కెమెరాలు. 1989 నుంచి చూస్తే కన్నీళ్ళొచ్చే టీవీ ప్రకటనలు. 2023లో చనిపోయినవాళ్ళు 295 మంది, అది కూడా ఎక్కువని అక్కడ గగ్గోలు. జనాభా ఈ లోపు రెట్టింపైంది గుర్తుంచుకోండి. లక్షకి 30 నుంచి 4 చిల్లరకి వచ్చింది. శవాన్ని లెక్కలోంచి దాచడం కష్టం, అందుకే రోడ్డు మరణాల అంకెని నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను. దొంగతనం, దాడి లాంటివి అలా కాదు. ఎవరో వెళ్ళి ఫిర్యాదు ఇవ్వాలి, ఎవరో రాసుకోవాలి.

మా తరానికి తెలియదు గానీ 1980ల చివర్లో మెల్‌బోర్న్ నిజంగానే భయంకరంగా ఉండేది. 1986లో పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు కారు బాంబు. 1987లో హాడిల్ స్ట్రీట్‌లో ఒకడు తుపాకీతో ఏడుగురిని చంపాడు, నాలుగు నెలలు తిరక్కుండా క్వీన్ స్ట్రీట్‌లో ఇంకొకడు ఎనిమిదిమందిని. 1988లో వాల్ష్ స్ట్రీట్‌లో ఇద్దరు యువ కానిస్టేబుళ్ళని మాటు వేసి కాల్చేశారు. 1996లో టాస్మానియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాకే దేశమంతా తుపాకుల చట్టం బిగించారు, దాదాపు 6 లక్షల 50 వేల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుని కరిగించారు.

2001 తర్వాత ఇంకో విచిత్రం. ఇళ్ళలో దొంగతనాలు, కార్ల దొంగతనాలు దభీమని పడిపోయాయి. ఏ పోలీసు కమిషనరూ దీనికి పూర్తి క్రెడిట్ తీసుకోలేడు. 2000 చివర్లో హెరాయిన్ సరఫరా ఒక్కసారిగా ఆగిపోయింది, దానికోసం ఇళ్ళు కొల్లగొట్టేవాళ్ళు తగ్గారు. 2001 నుంచి ప్రతి కొత్త కారుకీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు, చిప్ ఉన్న తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ అవ్వదు. దేశం మొత్తం మీద 2001లో లక్షా నలభై వేల దాకా ఉన్న కార్ల దొంగతనాలు పదేళ్ళలో సగానికి కిందకి వచ్చేశాయి. మంచితనం పెరగలేదు, తీగలు కలిపి స్టార్ట్ చేసే విద్యకి కాలం చెల్లింది.

ఇప్పుడు మన ఏరియాలోకి వద్దాం. డేటాబేసు!

విక్టోరియా పోలీసులు 1993లో లీప్ అనే సిస్టమ్ పెట్టారు. కేసులు, నిందితులు, బాధితులు, వాహనాలు అన్నీ అందులోనే. అప్పట్లో అది గొప్ప అడుగే. కానీ ఏళ్ళు గడిచినా కానిస్టేబుల్ పేపరు ఫారం నింపి ఫ్యాక్స్ చేస్తే, ఇంకెక్కడో డేటా ఎంట్రీవాళ్ళు కూర్చుని దాన్ని మెయిన్‌ఫ్రేమ్‌లోకి ఎక్కించే పద్ధతి నడిచింది. దీన్ని తీసేసి లింక్ అని కొత్త సిస్టమ్ కట్టాలనుకున్నారు, దాదాపు 59 మిలియన్ డాలర్ల బడ్జెట్. ఖర్చు అంచనాలు ఆకాశానికెళ్ళాయి, 2011లో ప్రాజెక్టు చెత్తబుట్టలోకి. అదే ఏడాది అక్కడి అంబుడ్స్‌మన్ ప్రభుత్వం చేపట్టిన పది ఐటీ ప్రాజెక్టుల మీద రిపోర్టు ఇచ్చాడు. పదీ కలిపి బడ్జెట్ కంటే 1.44 బిలియన్ డాలర్లు ఎక్కువ. మన ఇండస్ట్రీలో ఉన్నవాళ్ళు ఆ రిపోర్టు చదవాలి, ప్రతి పేజీలో మన మేనేజర్ ఎవరో ఒకరు కనిపిస్తారు. చివరికి 1993 నాటి లీప్‌నే పొడిగించుకుంటూ పోయారు. అంటే ఇవాళ టీవీలో "రికార్డు స్థాయి నేరాలు" అని వచ్చే అంకె వెనక ఉన్నది, నేను పుట్టకముందు కట్టిన సిస్టమ్.

ఆ సిస్టమ్ ఒక పోలీసు కమిషనర్ ఉద్యోగానికే ఎసరు పెట్టింది. 2010 నవంబర్‌లో రాష్ట్ర ఎన్నికలు. దానికి కొన్ని వారాల ముందు పోలీసులు ఒక అంకె విడుదల చేశారు. మెల్‌బోర్న్ సిటీ మధ్యలో దాడులు 27.5 శాతం తగ్గాయని. ఎన్నికల్లో శాంతిభద్రతలే పెద్ద అంశం, అధికార పక్షానికి పండగే. కిటుకు ఏంటంటే, ఆ త్రైమాసికం అప్పుడే ముగిసింది, చాలా కేసులు ఇంకా సిస్టమ్‌లోకి ఎక్కనే లేదు. ఎంట్రీ పూర్తయిన పోయినేడాదితో, ఎంట్రీ సగంలో ఉన్న ఈ ఏడాదిని పోల్చారు. నెలాఖరు బ్యాచ్ జాబ్ పూర్తవ్వకుండా రిపోర్ట్ తీస్తే సేల్స్ పడిపోయినట్టు కనిపిస్తాయి చూడండి, అచ్చం అదే. అంబుడ్స్‌మన్ విచారణ చేసి ఆ అంకె తప్పుదారి పట్టించేదిగా ఉందని తేల్చాడు. 2011 జూన్‌లో ఆ రిపోర్టు బయటికొచ్చిన రోజునే చీఫ్ కమిషనర్ సైమన్ ఓవర్‌ల్యాండ్ రాజీనామా ప్రకటించాడు. ఆ తర్వాత పోలీసుల చేతిలోంచి లెక్కలు తీసేసి, 2014లో చట్టం చేసి, క్రైమ్ స్టాటిస్టిక్స్ ఏజెన్సీ అని వేరే సంస్థ పెట్టారు. డేటా మాత్రం లీప్‌దే, తీసేదీ ప్రచురించేదీ వేరేవాళ్ళు. డెవలప్‌మెంట్ టీమే టెస్టింగ్ రిపోర్ట్ రాసుకోకూడదు అన్నమాట. నా మటుకు నాకు, ఆ రాష్ట్రం చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

ఈ రెండు కథల మధ్యలోనే మనవాళ్ళ కథ ఉంది. 2009.

అప్పటికి వేలమంది కుర్రాళ్ళు మన దగ్గర్నుంచీ పంజాబ్ నుంచీ వెళ్ళి మెల్‌బోర్న్ పశ్చిమ, ఉత్తర శివార్లలో చవక అద్దె ఇళ్ళలో ఆరుగురూ ఏడుగురూ కలిసి ఉండేవారు. వంట కోర్సు, జుట్టు కత్తిరించే కోర్సు చేస్తే పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చే దారి ఉండేది, అందుకే బీటెక్ చదివినవాళ్ళు కూడా కుకరీ క్లాసుల్లో కూర్చున్నారు. వారానికి 20 గంటలే పని చెయ్యాలని వీసా రూలు. ఫీజులు కట్టాలంటే అది చాలదు. కాబట్టి రాత్రుళ్ళు పెట్రోలు బంకులు, దుకాణాలు, టాక్సీలు, ఆఖరి ట్రైను.

2008 ఏప్రిల్‌లోనే హెచ్చరిక వచ్చింది. ఒక భారతీయ టాక్సీ డ్రైవర్‌ని పొడిస్తే, వందలమంది డ్రైవర్లు ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు కూడలిలో రాత్రంతా, మర్నాడూ కూర్చున్నారు. చలిలో చొక్కాలు విప్పేసి. 2009 మే నెలలో ఒక పార్టీలోకి పిలవకుండా దూరిన కుర్రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఒక తెలుగు విద్యార్థి కోమాలోకి వెళ్ళాడు. మే 31న ఆ అబ్బాయి ఉన్న రాయల్ మెల్‌బోర్న్ హాస్పిటల్ దగ్గర్నుంచి వేలమంది ఊరేగింపుగా బయల్దేరారు. 2010 జనవరిలో పార్ట్‌టైమ్ డ్యూటీకి నడిచి వెళ్తున్న ఒక పంజాబీ కుర్రాణ్ణి యారావిల్‌లో పొడిచి చంపారు. చంపినవాడి వయసు పదిహేనేళ్ళు, ఫోను లాక్కోవడానికి. ఇక్కడ మన ఛానెళ్ళలో ఎలా ఊదరగొట్టారో అప్పటికి స్కూల్లో ఉన్న నాకు కూడా గుర్తుంది.

ఇది జాత్యహంకారమా, కాదా? రెండు దేశాలూ ఈ ఒక్క ప్రశ్న మీదే కొట్టుకున్నాయి. అక్కడి పోలీసులు వీళ్ళు "తేలిగ్గా దొరికేవాళ్ళు" అంతే అన్నారు, ట్రైన్లో సొంత భాషలో గట్టిగా మాట్లాడకండి, ల్యాప్‌టాప్‌లు కనపడనివ్వకండి అని సలహా కూడా ఇచ్చారు. (దెబ్బలు తిన్నవాడికే క్లాసు పీకడం అంటే ఇదే.) పోలీసు లెక్కల్లో 2007-08లో దాడులూ దోపిడీలూ కలిపి భారతీయ బాధితులు 1,447 మంది, ముందు ఏడాది 1,080 పైచిలుకు. పెరుగుదల మూడో వంతు. కానీ వాళ్ళని "భారతీయులు" అని గుర్తుపట్టింది చాలా వరకు మొహం చూసి. శ్రీలంక వాడైనా, ఫిజీ వాడైనా, అక్కడే పుట్టినవాడైనా ఆ కాలమ్‌లో పడొచ్చు. పైగా అదే ఏడాది విద్యార్థుల సంఖ్య ఎంత పెరిగిందో తెలియకుండా 1,447 పెద్దదా చిన్నదా ఎలా చెప్తాం? లవం ఉంది, హారం లేదు.

ఆ హారం తెచ్చింది ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రిమినాలజీ. వాళ్ళు చేసిన పని వింటే మీకు ముచ్చటేస్తుంది. ఇమిగ్రేషన్ శాఖ దగ్గర్నుంచి 2005-09 మధ్య అయిదు దేశాల విద్యార్థుల వీసా రికార్డులు, 4 లక్షలకి పైనే, తీసుకున్నారు. రాష్ట్రాల పోలీసుల బాధితుల రికార్డులతో జాయిన్ కొట్టారు. మొహం చూసి రాసిన కాలమ్‌ని పక్కన పెట్టేశారన్నమాట. 2011లో ఫలితం వచ్చింది. భారతీయ విద్యార్థుల మీద దాడుల రేటు ఆయా రాష్ట్రాల సగటు కంటే తక్కువ, లేదా దాదాపు సమానం. దోపిడీల రేటు మాత్రం విక్టోరియా లాంటి పెద్ద రాష్ట్రాల్లో సగటు కంటే ఎక్కువ. అందులోనూ చాలా కేసులు పెట్రోలు బంకులూ దుకాణాల్లాంటి చోట్ల, పని చేస్తుండగా జరిగినవి. దాడి చేసినవాడి మనసులో జాతి ద్వేషం ఉందా లేదా అన్నది ఈ డేటా చెప్పలేదని వాళ్ళే రాశారు.

మన పత్రికలు "దాడులు" అని, వాళ్ళ పత్రికలు "సగటు కంటే తక్కువే" అని తమకి కావలసిన వాక్యం తీసుకున్నాయి. నాకైతే దోపిడీ వాక్యమే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే అది ఉద్యోగం గురించి చెప్తోంది. రాత్రి రెండింటికి ఒంటరిగా కౌంటర్లో నిలబడే పనిని ఒక దేశం ఎవరికి అప్పజెప్తుందో, ఆ దేశంలో దోపిడీకి గురయ్యేది వాళ్ళే. ఆ పనిలో ఎవరున్నారు, ఎందుకున్నారు అన్నదాంట్లో జాతి సంగతి వచ్చేస్తుంది, దొంగ మనసులోకి తొంగి చూడక్కర్లేదు. ఇంకోటి, 20 గంటల రూలు దాటి పని చేస్తున్న కుర్రాడు దెబ్బలు తిన్నా పోలీస్ స్టేషన్‌కి ఎందుకు వెళ్తాడు? వెళ్తే ముందు తన వీసాకే ప్రమాదం. అంచేత వీసా రికార్డుతో ఎంత బాగా జాయిన్ కొట్టినా, అసలు ఎఫ్ఐఆరే లేని వరస అందులోకి రాదు.

తర్వాత ఏమైందంటే, 2009 చివర్లో ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టం మార్చారు. 2010 ఫిబ్రవరిలో కుకరీ, హెయిర్‌డ్రెస్సింగ్ దారి మూసేశారు, ఇండియా నుంచి వీసా దరఖాస్తులు బాగా పడిపోయాయి. 2012 నుంచి సాయంత్రం ఆరు తర్వాత రైల్వే స్టేషన్లలో ప్రొటెక్టివ్ సర్వీసెస్ ఆఫీసర్లని పెట్టడం మొదలెట్టారు. నేను రాత్రి పదకొండింటికి ధైర్యంగా దిగేవాణ్ణి అన్నాను చూడండి, ప్లాట్‌ఫామ్ మీద పసుప్పచ్చ జాకెట్లతో ఇద్దరు నిలబడి ఉండేవారు. వాళ్ళు అక్కడికి రావడానికి ముందు ఎవరో దెబ్బలు తిన్నారు.

పెరిగిన అంకె మంచిదయ్యే సందర్భం కూడా ఒకటి చెప్పాలి. విక్టోరియాలో 2004-05లో నమోదైన కుటుంబ హింస ఘటనలు 30 వేలకి దగ్గర. 2014-15కి దాదాపు 71 వేలు, ఈ మధ్య లక్ష దాకా వచ్చాయి. ఇళ్ళలో మగవాళ్ళు పదేళ్ళలో రెట్టింపు దుర్మార్గులైపోయారా? కాదు. అక్కడి మొదటి మహిళా చీఫ్ కమిషనర్ క్రిస్టీన్ నిక్సన్ హయాంలో, 2004లో, ఇది మొగుడూ పెళ్ళాల గొడవ అని వదిలెయ్యకుండా ప్రతి ఫోన్ కాల్‌నీ రాయాలని పోలీసులకి నియమావళి పెట్టారు. 2014లో ఒక పదకొండేళ్ళ బాబుని కన్నతండ్రే చంపాక రాయల్ కమిషన్ వేశారు. 2016లో 227 సిఫార్సులు వచ్చాయి, ప్రభుత్వం అన్నీ ఒప్పుకుంది. ఆడవాళ్ళు ఫోన్ చెయ్యడం పెరిగింది, కాబట్టి గ్రాఫ్ పెరిగింది. ఆ గ్రాఫ్ కూడా ఇందాకటి 6.27 లక్షల అంకెకి కొంత తోడైంది.

అలాగని ఇప్పటి పెరుగుదల అంతా కాగితం మీదే అనడం కూడా అన్యాయం. కోవిడ్‌లో మెల్‌బోర్న్ మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో ఉంది, నేరాలు తగ్గాయి, తర్వాత తిరిగి లేచాయి. 2025 అంకెల్లో పెద్ద వాటా కార్లదీ, కార్లలోంచి వస్తువులదీ, షాపుల్లో దొంగతనాలదీ. టీనేజర్లు ఇళ్ళలోకి దూరి కారు తాళాలు ఎత్తుకెళ్ళే కేసులు నిజం. బెయిల్ చట్టం చూడండి. 2017 జనవరిలో బర్క్ స్ట్రీట్‌లో బెయిల్ మీద ఉన్నవాడు కారు ఎక్కించి ఆరుగురిని చంపాక 2018లో బిగించారు. దాంతో చిన్న చిన్న దొంగతనం కేసుల్లో కూడా జనం జైల్లో మగ్గారు, 2020లో ఒక ఆదివాసీ మహిళ అలాగే రిమాండ్‌లో చనిపోయింది, కరోనర్ ఆ చట్టాన్ని తిట్టి పోశాడు. 2024లో సడలించారు. 2025లో మళ్ళీ బిగించారు. ఏడేళ్ళలో మూడు రిలీజులు, ప్రతిదీ ప్రొడక్షన్‌లో మంట ఆర్పడానికే. 2025 మే నెలలో ఒక షాపింగ్ సెంటర్లో పట్టపగలు కుర్రాళ్ళు పెద్ద కత్తులతో కొట్టుకుంటే, మూడు రోజుల్లో మచెటీల అమ్మకం ఆపేశారు, సెప్టెంబర్ నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం చేశారు. కత్తులు తెచ్చి పడెయ్యడానికి పోలీస్ స్టేషన్ల బయట డబ్బాలు పెట్టారు. వాట్సప్‌లో తిరిగే వీడియో అదే.

మా బాబాయి కొడుకు టార్నీట్‌లో ఉంటాడు. అక్కడ మన కిరాణా కొట్లో పూతరేకులు కూడా దొరుకుతాయి, అంతమంది తెలుగువాళ్ళు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, వెనక్కొచ్చెయ్యాలా? శ్రావణి రాత్రి డ్యూటీ చేసి వస్తుంటే భయంగా ఉంది" అన్నాడు. వాడికి మొత్తం రాష్ట్రం అంకెలు చెప్పలేదు. క్రైమ్ స్టాటిస్టిక్స్ ఏజెన్సీ సైట్లో మున్సిపాలిటీ వారీగా, నేరం రకం వారీగా టేబుల్స్ ఉంటాయి, డౌన్‌లోడ్ చేసి విండమ్ వరసలు మాత్రం వడగట్టుకోమన్నాను. దాడులూ దోపిడీలూ ఒక షీటులో, కార్లూ షాపులూ ఇంకో షీటులో పెట్టుకోమన్నాను. లీప్ లైవ్ డేటాబేసు, పాత ఏడాది అంకెలు కూడా మారుతుంటాయి, అందుకని అన్ని ఏళ్ళూ ఒకే ఫైల్లోంచి తీసుకోమన్నాను. దాడుల షీటు చూశాక రాత్రి డ్యూటీ సంగతి మాట్లాడదాం అన్నాను.

కారు సంగతి మాత్రం అప్పుడే చెప్పాను. 2001లో కార్ల దొంగతనాలు ఆపింది చిప్ తాళం. ఇప్పుడు దొంగలు డాష్‌బోర్డు కింద ఉన్న డయాగ్నస్టిక్ పోర్టుకి చిన్న పరికరం తగిలించి నిమిషాల్లో కొత్త తాళం ప్రోగ్రామ్ చేసుకుంటున్నారు. పుష్ బటన్ కార్లు వాళ్ళకి పండగ. దానికి అక్కడ అందరూ కొంటున్నది స్టీరింగ్‌కి అడ్డంగా బిగించే ఇనప కడ్డీ, మా నాన్న మారుతీ 800కి వాడినలాంటిదే. వాడు ఎర్రది కొన్నాడట.